మామగారి నాడి 44 చూపిస్తోంది: మతిమరుపు మాత్ర వల్లా, జబ్బు వల్లా?

మారతహళ్ళి కోడలు అడిగారు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా మామగారికి 76 ఏళ్ళు. అనంతపురంలో టీచరుగా చేసి రిటైరయ్యారు, రెండేళ్ళుగా బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. ఏడాదిన్నర కింద మతిమరుపు మొదలైంది, కానీ అందరూ చెప్పే మతిమరుపులా లేదు. ఒకరోజు పేపరు మొత్తం చదివి మా ఆయనతో రాజకీయాల మీద గొడవ పెట్టుకుంటారు, మర్నాడు బాత్రూం ఎటువైపో తెలీదు. సాయంత్రమైతే సోఫా మీద ఎవరో చిన్నపిల్లలు కూర్చున్నారంటారు, వాళ్ళకి బిస్కెట్లు పెట్టమని నన్ను కసురుతారు. నిద్రలో అరవడం, చేతులు విసరడం మాత్రం ఇప్పటిది కాదట, పదేళ్ళ నుంచీ ఉందని అత్తమ్మ అంటుంది.

మొదట చూపించిన డాక్టరు ఆల్జైమర్స్ అని డోనెపెజిల్ 5 మొదలుపెట్టి తర్వాత 10 చేశారు. ఈమధ్య ఇంకో న్యూరాలజిస్టు చూసి ఇది లూయీ బాడీ డిమెన్షియా కావచ్చు అన్నారు. బీపీకి మెటోప్రొలాల్ ఎప్పటినుంచో వాడుతున్నారు.

అసలు సంగతి ఇది. పోయిన నెలలో రెండుసార్లు పడిపోయారు. ఒకసారి తెల్లారి మంచం దిగి నాలుగడుగులు వేయగానే. రెండోసారి టేబుల్ దగ్గర కూర్చుని ఉప్మా తింటూ తింటూ కళ్ళు తేలేశారు, ఒళ్ళంతా తెల్లబోయింది, పది పదిహేను సెకన్లలో తేరుకుని ఏం జరగనట్టు చట్నీ అడిగారు. అప్పటినుంచి నేను బీపీ మిషన్‌లో రోజూ చూస్తున్నా, నాడి 44, 46, ఎప్పుడైనా 50. పక్క వీధి క్లినిక్‌లో ఈసీజీ తీసి గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, వయసుకి మామూలే అన్నారు. గుండె డాక్టరేమో అది మెదడు మాత్ర వల్ల కావచ్చు, న్యూరో వాళ్ళని అడగండి అంటారు, న్యూరో వాళ్ళు ముందు గుండె చూపించుకు రండి అంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద అటూ ఇటూ తిరగడమే నా ఉద్యోగమైపోయింది.

ఎవరో పేస్‌మేకర్ మాట ఎత్తారు. అంతే, అత్తమ్మ "మతి లేని మనిషికి గుండెలో మిషన్ పెట్టి ఏం బావుకుందామని" అని ఒకటే ఏడుపు. నాకు రెండు సంగతులు తెలియాలి. మతిమరుపు జబ్బుల్లో రకాన్ని బట్టి గుండె లయ తేడా వస్తుందా? ఆ మాత్ర నేనే ఆపేస్తే ఏమవుతుంది?

---

జయనగర్ బాబాయి:

అమ్మా, మా అమ్మకి కూడా ఇలాగే నాడి నెమ్మదిగా ఉండేది, 91 ఏళ్ళు బతికింది. మరీ టెన్షన్ పడకు. తెల్లమద్ది బెరడు కషాయం పొద్దున్నే ఇచ్చి చూడు, గుండెకి చాలా మంచిది. ఈ రోజుల్లో దేనికైనా మిషనే అంటున్నారు.

---

మందుల కొట్టు మనిషి:

బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి, కూర్చుని తింటున్న మనిషి స్పృహ తప్పాడంటే కషాయం పెట్టి చూద్దాం అనే దశ దాటిపోయింది. 91 ఏళ్ళు బతికిన మీ అమ్మగారు ఉప్మా ప్లేటు ముందు కళ్ళు తేలేయలేదు కదా.

కోడలమ్మా, నేను డాక్టర్ని కాదు, ఇరవై రెండేళ్ళుగా కేఆర్ పురంలో మందుల షాపు నడుపుతున్నాను, ఫార్మసీ చదివాను. నాకు తెలిసింది చెబుతా. డోనెపెజిల్ చేసే పని ఏంటంటే మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తొందరగా విరిగిపోకుండా ఆపుతుంది, జ్ఞాపకానికి అది కావాలి. కానీ మాత్రకి మెదడు ఒక్కటే తెలుసా? గుండెని నెమ్మదించే వేగస్ నరం వాడేది కూడా అదే రసాయనం. అందుకని కొందరికి నాడి పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది. రివాస్టిగ్మిన్, గాలంటమిన్ కూడా ఇదే జాతి, ప్యాచ్ రూపంలో వేసినా గుణం అదే. కెనడాలో ఒంటారియోలో 2009లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఈ జాతి మందులు వాడే వృద్ధుల్లో స్పృహ తప్పి ఆసుపత్రికి రావడం, పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం, తుంటి ఎముక విరగడం ఎక్కువగా కనిపించాయి. అలాగని చెడ్డ మందు కాదు. చాలామందికి పనిచేస్తుంది, ముఖ్యంగా లూయీ బాడీ వాళ్ళకి ఆ కనబడని పిల్లలు తగ్గడానికి ఇదే ఇస్తారు.

మీ మామగారికి దాని మీద మెటోప్రొలాల్ కూడా ఉంది. అది బీటా బ్లాకర్, దాని పనే గుండెని నెమ్మదించడం. ఒక బండికి రెండు బ్రేకులు వేసి బండి కదలట్లేదేమని అడుగుతున్నట్టుంది.

మీరు మాత్రం ఏదీ సొంతంగా ఆపకండి. మెటోప్రొలాల్ ఒక్కసారిగా ఆపితే గుండె ఎదురు తిరుగుతుంది, దాన్ని మెల్లగా తగ్గించాలి. డోనెపెజిల్ అయితే ఆపినా ఒంట్లోంచి పోవడానికి రెండు వారాలు పడుతుంది, ఇవాళ ఆపి రేపు నాడి చూసి అబ్బే దీనివల్ల కాదు అనుకునే ప్రమాదం ఉంది. కానీ వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగే విషయం కాదిది. ఇవాళే ఫోన్ చేసి "కూర్చుని ఉండగా స్పృహ తప్పింది, నాడి 44" అని ఆ రెండు ముక్కలూ ఇదే వరసలో చెప్పండి. మళ్ళీ అలా జరిగితే ఫోన్లు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఒక మాట అడుగుతా. కంట్లో చుక్కలు ఏమైనా వేస్తున్నారా? నీటికాసులకి?

---

అన్నానగర్ అమ్మాయి:

అక్కా, నేను చెన్నైలో ఉంటాను, మాది నెల్లూరు. మా అమ్మది మీ మామగారికి సరిగ్గా తిరగబడిన కథ, అందుకే రాస్తున్నా.

అమ్మకి వాస్క్యులర్ డిమెన్షియా, అంటే మెదడుకి రక్తం సరిగా అందక చిన్న చిన్న దెబ్బలు తగిలి వచ్చినది. ఆమెకి నాడి నెమ్మది కాదు, వడిగా, అడ్డదిడ్డంగా ఉండేది. చేయి పట్టుకుంటే తాళం తప్పిన మృదంగంలా ఉండేది. "గుండె దడగా ఉందే" అని ఎప్పుడో ఒకసారి అనేది, మేము గ్యాస్ అనుకున్నాం. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఒక పక్క చేయి పడిపోయిన రోజు తెలిసింది. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయట, అక్కడ రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ కదిలి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఈ లయ ఉన్నవాళ్ళకి పక్షవాతం ముప్పు మిగతావాళ్ళకంటే దాదాపు ఐదు రెట్లు. పెద్ద పక్షవాతం రాకపోయినా ఈ లయతో మతి తగ్గడానికి సంబంధం ఉందని డాక్టరు చెప్పినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది, బీపీ మిషన్‌లో గుండె బొమ్మ టపటపా కొట్టుకుంటూ ఎన్నిసార్లు చూపించిందో, బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చాను. మీ మిషన్‌లో ఆ గుర్తు వస్తుందేమో చూడండి. నాడి తడబడుతుంటే మిషన్ అంకెని నమ్మకుండా మణికట్టు పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టాలి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. రక్తం పలచబడే మందు ఇచ్చినప్పుడు మతిమరుపు మనిషికి ఇచ్చామన్న సంగతి ఇంట్లో అందరికీ గుర్తుండాలి. మా అమ్మ పొద్దున వేసుకున్నది మరిచిపోయి మళ్ళీ వేసుకుంది, చిగుళ్ళ నుంచి రక్తం కారేదాకా మాకు తెలీలేదు. అప్పుడు వార్ఫరిన్ వాడేది, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ అనే అంకె 2 నుంచి 3 మధ్య ఉండాల్సింది ఎక్కడికో పోయింది. తర్వాత డాబిగాట్రాన్‌కి మార్చారు. మింగలేకపోతోందని నేను తెలివిగా ఆ గుళిక విప్పి పొడి మజ్జిగలో కలిపాను. నర్సమ్మ చూసి నెత్తి కొట్టుకుంది, విప్పితే మందు ఒంట్లోకి మరీ ఎక్కువగా చేరిపోతుందట. వారం మాత్రల డబ్బాలో ముందే విప్పి పెట్టడం కూడా కుదరదు, తేమ తగిలితే చెడుతుంది. చివరికి నలగ్గొట్టి నీళ్ళలో కలపడానికి వీలైన ఎపిక్సాబాన్ ఇచ్చారు. ఇప్పుడు మందుల డబ్బా బీరువాలో ఉంటుంది, తాళం నా మెడలో.

---

రాత్రి డ్యూటీ:

న్యూరాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. పేషెంటుని చూడకుండా వైద్యం చెప్పను, మీరడిగిన మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పగలను. అవును, రకాన్ని బట్టి తేడా ఉంటుంది. డ్యూటీ రూంలో రాస్తున్నా, మధ్యలో తెగిపోతే క్షమించండి.

లూయీ బాడీ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీను ముద్దలు కట్టి నరాల కణాల్లో పేరుకుంటుంది. వాటిని 1912లో ఫ్రిట్జ్ లూయీ పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళలో చూశాడు, పేరు అక్కడిదే. చాలామందికి తెలియనిది ఏంటంటే ఈ ముద్దలు తలలోనే ఆగవు, గుండెకి వెళ్ళే సింపథెటిక్ నరాల్లో కూడా చేరతాయి. గుండెకి ఎప్పుడు వేగం పెంచాలో, లేచి నిలబడితే రక్తనాళాలు ఎప్పుడు బిగుసుకోవాలో చెప్పే తీగలవి. అవి పాడైతే లేవగానే బీపీ పడిపోతుంది, దానికి బదులుగా పెరగాల్సిన నాడి పెరగదు. మెడలోని కెరోటిడ్ సైనస్ కూడా కొందరిలో మరీ సున్నితంగా మారుతుంది, మెడ తిప్పినా బిగుతు కాలరు వేసినా గుండె ఒక్క క్షణం ఆగినట్టవుతుంది. ఈ నరాలు ఎంతవరకు బతికున్నాయో చూడటానికి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే ఎంఐబీజీ స్కాన్ ఉంది, ఆల్జైమర్స్‌లో గుండె ఆ మందుని మామూలుగా పీల్చుకుంటుంది, లూయీ బాడీలో పీల్చుకోదు. 2017 నాటి నిర్ధారణ ప్రమాణాల్లో దాన్ని చేర్చారు కూడా. షుగరు, గుండె జబ్బు, కొన్ని మందులు ఉన్నా ఫలితం తారుమారు అవుతుంది కాబట్టి దాని వెంట పరిగెత్తమని చెప్పను. మీరు రాసిన పిల్లలు కనబడటం, రోజుకోలా ఉండటం, పదేళ్ళ కిందటి నిద్ర అరుపులు, ఆ మూడే నాకు ఏ స్కాన్ కన్నా ఎక్కువ చెబుతున్నాయి.

ఆల్జైమర్స్‌లో గుండె తీగలు ఇంతగా దెబ్బతినవు, అక్కడ నాడి పడిపోతే ముందు మాత్రల్నే అనుమానించాలి. వాస్క్యులర్ అయితే పైన చెల్లెమ్మ చెప్పినట్టు అడ్డదిడ్డం లయ కోసం వెతకాలి. ఫ్రంటోటెంపోరల్ అని ఇంకో రకం ఉంది, అందులో అసలు డోనెపెజిల్‌తో లాభం కనబడదు, కొందరికి చికాకు పెరుగుతుంది, అక్కడ గుండెకి ఆ ముప్పు ఎందుకు తగిలించాలి?

ఇక మీ ఇంట్లో ఇవాళే చేయగలిగింది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 కానీ కింద అంకె 10 కానీ పడితే మొదటి పడిపోవడానికి కారణం దొరికినట్టే. కానీ రెండోది కూర్చుని ఉండగా జరిగింది, అది నన్ను ఎక్కువ భయపెడుతోంది, దానికి హోల్టర్ కావాలి, 24 గంటలు ఒంటికి కట్టి ఉంచే ఈసీజీ. పది సెకన్ల ఈసీజీలో అన్నీ దొరకవు. తీగలు పీకేస్తారని భయపడకండి, పైన బిగుతు బనియన్ వేసి దానిమీద చొక్కా వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది, పేపరు మీద రాసి ఫైలు మొదటి పేజీలో అంటించండి: "లూయీ బాడీ అనుమానం, హాలోపెరిడాల్ వద్దు." ఎమర్జెన్సీలో అరుస్తున్న పెద్దాయనకి నిద్రకని ఆ ఇంజెక్షన్ వేయడం మామూలు. వీళ్ళలో చాలామంది అది వేస్తే కర్రలా బిగుసుకుపోతారు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. గుండె వైపు చూసినా అది ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని పెంచి ప్రమాదకరమైన లయకి దారి తీయగలదు. ఆ పని చేసే మందులు ఇంకా ఉన్నాయి, వాంతులకి ఇచ్చే ఓండాన్‌సెట్రాన్, గ్యాస్ మాత్రలో కలిసి వచ్చే డోంపెరిడోన్, దగ్గుకి ఎవరో ఒకరు రాసే ఎజిత్రోమైసిన్. డిప్రెషన్‌కి ఇచ్చే సిటాలోప్రామ్ మాత్ర ఇదే కారణంతో 60 దాటినవాళ్ళకి 20 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికాలో 2012లో చెప్పారు. ఒక్కొక్కటీ చిన్నవే, నాలుగు కలిస్తే చిన్నవి కావు. డోనెపెజిల్ కూడా ఆ జాబితాలో ఉంది.

పేషెంటు వచ్చారు, వెళ్తున్నా.

---

మందుల కొట్టు మనిషి:

రాత్రి డ్యూటీ డాక్టరు గారూ, డోంపెరిడోన్ మాట ఎత్తారు, దండం. మా షాపులో ఉదయాన్నే పరగడుపున వేసుకునే గ్యాస్ గుళిక అడగని ముసలాయన లేడు, చీటీ లేకుండా ఏళ్ళ తరబడి మింగుతారు. ఇవ్వనంటే పక్క షాపుకి పోతారు.

కోడలమ్మా, చుక్కల సంగతి చెప్పలేదు.

---

మారతహళ్ళి కోడలు:

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి.

అన్నా, మీకు ఎలా తెలిసిందో గానీ, చుక్కలు ఉన్నాయి! అనంతపురంలో ఉన్నప్పుడే నీటికాసులని టిమొలాల్ చుక్కలు రాశారట, అత్తమ్మ పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి నాలుగేళ్ళుగా వేస్తోంది. కంటి మందు మందు కాదు అన్నట్టు ఏ డాక్టరుకీ చెప్పలేదు, నేనూ అడగలేదు. పైగా చూపు బాగా రావాలని ఒక చుక్క చెప్పినచోట రెండు మూడు వేస్తోంది. మీరు అడిగిన రాత్రే ఫ్రిజ్ తలుపులో ఆ సీసా చూసి పేరు చదివాను, టిమొలాల్ కూడా బీటా బ్లాకరే అని తెలిసి నాకు కాళ్ళు వణికాయి.

మర్నాడే ఫోన్ చేశాను, మీరు చెప్పిన రెండు ముక్కలూ అదే వరసలో చెప్పాను. అదే రోజు రమ్మన్నారు. ఈసారి సంచీ నిండా ఇంట్లో ఉన్న ప్రతి సీసా, ప్రతి స్ట్రిప్పు పట్టుకెళ్ళి టేబుల్ మీద పోశాను. హోల్టర్‌లో నిద్రలో 38 దాకా దిగింది, పగలు రెండుచోట్ల దాదాపు మూడు సెకన్లు గుండె ఆగి కొట్టుకుంది. గుండె డాక్టరు ఆ సీసా చేతిలోకి తీసుకుని "బ్రేకులు మూడు" అన్నారు, మీ మాటే, అన్నా. కంటి డాక్టరుతో నా ముందే మాట్లాడి చుక్కలు లాటనోప్రోస్ట్‌కి మార్పించారు, అది గుండె జోలికి పోదట. మెటోప్రొలాల్ మెల్లగా తగ్గించి తీసేశారు, డోనెపెజిల్ 5 కి దించారు. నాడి ఇప్పుడు 58 నుంచి 62. రెండో హోల్టర్ వచ్చే వారం, అది బాగుంటే పేస్‌మేకర్ మాట లేదు, బాగోకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడదాం అన్నారు. అత్తమ్మకి కూడా ఆయనే చెప్పారు, మతి కోసం కాదమ్మా, పడి తుంటి విరగకుండా ఉండటానికి అని. ఆవిడ ఏమీ అనలేదు, ఏడవలేదు కూడా.

నిలబెట్టి చూసిన బీపీ 138 నుంచి 104 కి పడింది. ఆ చిక్కు అలాగే ఉంది. లేచే ముందు మంచం అంచున కూర్చోబెట్టి కాళ్ళు ఆడించమంటున్నాం, దిగే ముందు గ్లాసు నీళ్ళు, తల వైపు మంచం కింద రెండు ఇటుకలు పెట్టాం. మందు తగ్గించాక సోఫా మీద పిల్లలు కొంచెం ఎక్కువే వస్తున్నారు. డాక్టరు ఆ పిల్లలు ఆయన్ని భయపెడుతున్నారా అని అడిగారు. లేదండీ, నిన్న వాళ్ళకి ఎక్కాలు చెబుతున్నారు అన్నాను. అయితే ఉండనివ్వండి అన్నారు.

జయనగర్ బాబాయి గారూ, కోపం లేదు. మీ కషాయం మాత్రం అత్తమ్మ చెవిన పడనివ్వలేదు.

---

అన్నానగర్ అమ్మాయి:

అక్కా, చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటే మందు ముక్కులోంచి రక్తంలోకి అంతగా దిగదు. మా అమ్మకి కూడా చుక్కలున్నాయి, మీ పోస్టు చదివి లేచి వెళ్ళి సీసా చూశా. మాది వేరే మందు. అయినా ఇవాళ్టి నుంచి నొక్కుతున్నా.